మోకాట్లో నీళ్లు

సోమవారం పొద్దున మిద్దె మీద సున్నం పరిచారు. మంగళవారం మధ్యాహ్నానికి మాణిక్యమ్మ ఎడమ మోకాలు మడత పడడం మానేసింది.

యాకుత్‌పురలో అజ్మత్ అలీ ఇల్లు అది. ఆయన నయాపూల్ దగ్గర కోర్టులో కాగితాలు చూసే పేష్కారు. మూసీ పొంగిన తుగ్యానీ తర్వాత వేసిన పైకప్పు ముప్పై ఏళ్లు నిలిచి, పోయిన వానాకాలం జనానా గదిలోకి కారింది. పాతది తవ్వి తీసి కొత్త గచ్చు వేస్తున్నారు. ఇటుక కంకరలో డంగు సున్నం కలిపి బెత్తెడు మందాన పరుస్తారు. పన్నెండుమంది ఆడవాళ్లు రెండు వరసల్లో గొంతుక్కూర్చుని కొయ్య చెక్కలతో దాన్ని కొడుతూ జానెడు జానెడు వెనక్కి జరుగుతారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు చల్లుతూ కొట్టాలి. తగిలిన చెక్క తిరిగి ఎగిరిపడేదాకా కొట్టాలి. అయిదు రోజులు పడుతుంది, ఎండ ముదిరితే ఆరు. మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే సున్నం ఆరిపోయి పగులుతుంది.

మాణిక్యమ్మ మొదటి వరస చివర కూర్చుంటుంది. ఆమె చెక్క పడ్డాకే మిగతా పదకొండు చెక్కలు పడతాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ చోటు ఆమెదే. తాళం పెట్టే మనిషి పాడనక్కర్లేదు, లెక్క చెప్పనక్కర్లేదు. చెక్క ఎత్తిన ఎత్తు, దించిన బరువు పొద్దున ఎంతో సాయంత్రమూ అంతే ఉండాలి.

ఆ రోజు ఆమె కాలు చాపి కూర్చుంది. తుంటి మీద జరుగుతోంది. చెక్క బల్లపరుపుగా పడక అంచు మీద పడుతోంది. పడ్డచోటల్లా గోరు గిచ్చినట్టు ఒక గీత మిగులుతోంది. మేస్త్రీ వైకుంఠం ఆ గీతల వెంట నడుచుకుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగాడు. మోకాలి వైపు చూశాడు. చెంబుతో గీతల మీద నీళ్లు చల్లి, ఒక చెక్క తీసుకుని తనే సరిచేశాడు.

పక్కనున్న ఆగమ్మ చెయ్యి ఆపకుండానే అంది: "మేస్త్రీ, నీ చెయ్యి మంచిగనే తిరుగుతున్నదిరా. రైక తొడుక్కొని వరసల కూసో, రోజుకూలి ఇప్పిస్త."

ఆడవాళ్లు నవ్వారు. వైకుంఠం కూడా నవ్వాడు. నవ్వులో తాళం జారకుండా మాణిక్యమ్మ చూసుకుంది.

సద్ది తినేవేళ ఆ ఇంటి పనిమనిషి కుల్సుమ్ పైకి వచ్చి, మోకాలి సంగతి విని బేగంసాబ్ పిలుస్తోందని మాణిక్యమ్మకు చెప్పింది. మెట్లు ఇరవై రెండు. మాణిక్యమ్మ కూర్చుని ఒక్కొక్కటే దిగింది.

అజ్మత్ అలీ భార్య ఖైసర్ బేగం కొయ్య తఖ్తు మీద కాలు చాపుకుని ఉంది. మాణిక్యమ్మను దగ్గరికి రమ్మని, తన పైజామా మోకాలి పైకి లాగింది. ఆమెదీ ఎడమ కాలే. మోకాలి చిప్ప ఎక్కడుందో కనపడడం లేదు. ఆమె తన మోకాటి మీద బొటనవేలు నొక్కి, సొట్టను చూపించి, నీదీ నొక్కు అంది. మాణిక్యమ్మ నొక్కింది. సొట్ట పడింది. ఇద్దరూ కాసేపు రెండు మోకాళ్లనూ చూశారు.

జనానా దవాఖానాలో డాక్టరమ్మ సూదితో నీళ్లు తీయాలని రెండు నెలల కింద చెప్పిందని బేగం చెప్పింది. తాను ఇంకా ఆలోచిస్తున్నానంది. మూడేళ్లుగా మిద్దె ఎక్కలేదంది. ఇంట్లోంచి బయటికి పోయేది ఏడాదికి నాలుగుసార్లు, అదీ పరదా కట్టిన టాంగాలో. గాలి తగలాలంటే మిద్దె ఒక్కటే దారి. కొత్త పిట్టగోడ లేపాక కూడా పైనుంచి మక్కా మసీదు కనపడుతోందా అని అడిగింది. కనపడుతోందని మాణిక్యమ్మ చెప్పింది.

"నీకు తీపిస్త" అంది బేగం. "నా టాంగా ఇస్త. కుల్సుమ్ తోడొస్తది. మేస్త్రీకి చెప్పిస్తలే."

"ఇంట్ల అడిగి చెప్తనమ్మా."

"అడుగు. జర జల్దీ చెప్పు."

మెట్లెక్కుతుంటే మాణిక్యమ్మకు ఒకటే ఆలోచన. ఇంత ఇంటి మనిషి కూలిదానికి కాలు చూపించడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మాదన్నపేటలో ఆమె మొగుడు శివయ్య గానుగ దగ్గర ఎడ్లు తోలి సున్నం నూరుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఒంటికంటిన సున్నం కడుక్కుంటూ అంతా విన్నాడు. చివరికి అన్నాడు:

"సున్నం పట్టకముందే నీళ్లు తీస్తే ఏమైతది? నీకు నేను చెప్పాల్నా?"

కొత్తగా వరసలో చేరిన ప్రతి పిల్లకూ ఆమె చెప్పే మొదటి మాట అదే. గచ్చు మీద నీళ్లు నిలిచాయని తుడవొద్దు, ఒంపొద్దు. సున్నం ఎంత తాగాలో అంత తాగనియ్యాలి. ఒళ్లు కూడా అంతే అని వాళ్లందరి నమ్మకం. లోపల ఏదో చెడింది కాబట్టే ఒళ్లు అక్కడికి నీళ్లు పంపింది. పట్టకముందే తీస్తే బొక్క పగులుతుంది. పక్కింట్లోంచి వచ్చిన ఆగమ్మ దానికి ఇంకొకటి కలిపింది. ఆమె మరిది గుండయ్యకు ఎక్కడో ఇలాగే సూది వేశారు. చీము పట్టి తొడదాకా కాలు తీసేశారు.

"గుండయ్యది బొబ్బ కదా" అన్నాడు శివయ్య.

"బొబ్బయితేంది, సూది సూదే" అంది ఆగమ్మ.

మాణిక్యమ్మ ఆముదం కాచి మోకాలికి పట్టించి గుడ్డ చుట్టుకుంది. వద్దని చెప్పేద్దామనుకుంది.

బుధవారం పొద్దున ఆమె మెట్లకు వీపు పెట్టి, చేతులు ఆనించి, ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. పదకొండో మెట్టు మీద మోకాలు పట్టేసింది. పైకి జరగడానికి లేదు, కిందికి దిగడానికి లేదు. పైన ఆడవాళ్లు కూర్చున్నారు. చెక్కలు పడడం లేదు, ఆమె కోసం చూస్తున్నారు. నీళ్లు చల్లిన సున్నం మీద ఎండ పడుతోంది. ఆగమ్మ పైనుంచి తొంగిచూసి, ఆమె ముఖం చూసి, వెనక్కి పోయింది. కొంతసేపటికి చెక్కలు పడ్డాయి. తాళం ఆగమ్మది.

కింద గుమ్మం పరదా కదిలింది. ఖైసర్ బేగం ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"టాంగా కట్టించిన" అంది పరదా లోపలి నుంచి.

కుల్సుమ్ వచ్చి చంకలో చేయి వేసి దింపింది.

టాంగాకు నాలుగు వైపులా పరదాలున్నాయి. లోపల కుల్సుమ్ ఎదురుగా కూర్చుంది. భయంగా ఉందా అని అడిగింది. లేదంది మాణిక్యమ్మ.

"బేగంసాబ్‌కు మస్తు డర్" అంది కుల్సుమ్. "రెండు నెలల సంది అదే ఫికర్. నిన్న నిన్ను చూసి ఖుష్ అయింది. ఇద్దరిది ఒక్కటే ఈడు, ఒక్కటే దిక్కు మోకాలు. ముందుగాల ఆమెకు తీపిద్దం, బాగయితే నేను పోత అన్నది. సూది ఎంత లోపటికి పోతదో మంచిగ చూసి రమ్మన్నది నన్ను."

అందులో దాచవలసింది ఏదైనా ఉందని కుల్సుమ్‌కు తోచలేదు. ఒక అదృష్టం గురించి చెప్పినట్టే చెప్పింది. మాణిక్యమ్మ పరదా సందులోంచి బయటికి చూసింది. టాంగా ఆపమనాలనిపించింది. ఆపితే దిగాలి. దిగితే నడవాలి. ఆమె కాలు రెండు చేతులతో పట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా కొంచెం లేపుతూ కూర్చుంది.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. బల్ల మీద పడుకోబెట్టి, గుడ్డ విప్పించి, ఒక అరచేయి మోకాలి పైన అదిమిపెట్టింది. రెండో చేతి వేళ్లతో చిప్ప మీద టక్కున కొట్టింది. చిప్ప లోపలికి మునిగి, ఎముకకు తగిలి, మళ్లీ పైకి తేలింది.

మాణిక్యమ్మ తల ఎత్తింది.

"ఇంకోసారి కొట్టుండ్రి" అంది.

డాక్టరమ్మ ఆమె ముఖం చూసి, మళ్లీ కొట్టింది.

"లోపట బోలు ఉన్నది" అంది మాణిక్యమ్మ.

"బోలు కాదు, నీళ్లు. చిప్ప నీళ్ల మీద తేలుతోంది. తీసేదాకా అలా తేలుతూనే ఉంటుంది."

"తీస్తే పగుల్తదా?"

"ఏం పగులుతుంది?"

మాణిక్యమ్మ ఆమె వేళ్ల వైపు చూసింది. గచ్చు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో కొట్టి వినేవాళ్లను ఆమె పద్దెనిమిదేళ్లలో ఇద్దరినో ముగ్గురినో చూసింది. వైకుంఠానికి కూడా ఆ చెవి లేదు, ఆమెనే అడుగుతాడు. ఈ మనిషి వేళ్లకు ఆ పని తెలుసు.

"తియ్యుండ్రి" అంది.

సూది దిగేటప్పుడు కుల్సుమ్ ముందుకు వంగి చూసింది. బయటికి ఎంత మిగిలిందో వేలితో కొలుచుకుంది. గాజు గిన్నెలోకి వచ్చిన నీళ్లు కరక్కాయ నీళ్ల రంగులో ఉన్నాయి. గిన్నె సగం దాటింది. మోకాలికి మళ్లీ చిప్ప వచ్చింది, చిప్పకు అటూ ఇటూ గుంటలు వచ్చాయి. కుల్సుమ్ "అల్లా" అని, టాంగా పిలవడానికి బయటికి పరుగెత్తింది.

డాక్టరమ్మ కట్టు కడుతూ చెప్పింది. పది రోజులు కాలు మడవకూడదు. గొంతుక్కూర్చోకూడదు. కూర్చుంటే మళ్లీ ఇంతా నిండుతుంది, ఇంకా ఎక్కువే నిండుతుంది.

"ఏం పని చేస్తావు?"

"గచ్చు కొడ్త."

అదేమిటని డాక్టరమ్మ అడిగింది. మాణిక్యమ్మ చెప్పింది. పన్నెండుమంది, రెండు వరసలు, అయిదు రోజులు. ఎలా కూర్చుంటారని అడిగితే అదీ చెప్పింది. డాక్టరమ్మ కట్టు ముడి వేయడం కాసేపు ఆపింది.

"పది రోజులు" అని మళ్లీ అంది.

మాణిక్యమ్మ తల ఊపింది.

గురువారం ఆమె కాలు చాపుకుని గుమ్మంలో కూర్చుంది. మోకాలు తేలికగా ఉంది. మాటిమాటికీ కట్టు మీద చేయి వేసి చిప్పను తడుముకుంది. మధ్యాహ్నం బేగం ఇంటి నుంచి ఖిచిడీ గిన్నెతో కుల్సుమ్ వచ్చింది. జ్వరం ఉందా, పోటు ఉందా, వాపు వచ్చిందా అని అడిగి, ఏదీ లేదని విని, ఖాళీ గిన్నె కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది. శుక్రవారం మళ్లీ వచ్చింది. వచ్చే బుధవారం బేగంసాబ్ దవాఖానాకు పోతోందని చెప్పింది.

శుక్రవారం పొద్దుగూకేముందు వైకుంఠం వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆగమ్మ చెయ్యి తొందర అన్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి తాళం ఉరుకుతోంది, చివరి నలుగురూ అందుకోలేక పైపైన కొడుతున్నారు. తూర్పు మూలలో పైన గట్టిపడింది గానీ కింద మెత్తగా ఉంది. అక్కడక్కడా వెంట్రుక మందాన పగుళ్లు లేచాయి. రేపూ ఎల్లుండీ బిగించకపోతే మొత్తం తవ్వి తీయాలి.

"రమ్మని కాదు" అన్నాడు. "చెప్పిపోదమని వచ్చిన."

శివయ్య బీడీ కాలుస్తూ ఎడ్ల వైపు చూస్తున్నాడు. వైకుంఠం వెళ్లిపోయాడు. అతను వెళ్లాక శివయ్య అడిగాడు, డాక్టరమ్మ ఎన్ని రోజులన్నదని. పది అంది మాణిక్యమ్మ. రెండు అయినయి కదా అన్నాడు.

శనివారం పొద్దున ఆమె నడిచే వెళ్లింది. మెట్లు నిలబడి ఎక్కింది. ఆగమ్మ చివరి చోటు ఖాళీ చేసి పక్కకు జరిగింది. మాణిక్యమ్మ కట్టు విప్పి కొంగున ముడేసుకుంది, కట్టుతో మోకాలు మడవదు కాబట్టి. గొంతుక్కూర్చుంది. చెక్క ఎత్తింది. పదకొండు చెక్కలు ఆమె వెనక పడ్డాయి.

తూర్పు మూల ఆ పూటంతా పట్టింది. మధ్యాహ్నం దాటాక మోకాటి చుట్టూ గుంటలు పూడడం ఆమె చూసింది. సాయంత్రానికి చిప్ప కనపడలేదు. ఆదివారం చిప్ప పైన కూడా ఉబ్బింది, డాక్టరమ్మ చెప్పినట్టే. ఆ రోజు ఆమె మళ్లీ కాలు చాపి కొట్టింది, కానీ అప్పటికి గచ్చు గట్టిపడింది. అంచు మీద పడ్డా గీత పడడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం బేగం పిలిపించింది. మాణిక్యమ్మ కూర్చుని దిగి వచ్చింది. బేగం చూపించమంది. వేలు పెట్టి నొక్కింది. సొట్ట పడింది.

"నాలుగు దినాలు" అంది కుల్సుమ్‌తో. "అంత లోపటికి సూది పోయింది, అంత నీళ్లొచ్చినయి అంటివి. నాలుగు దినాలల్ల మళ్ల నిండె." తర్వాత మాణిక్యమ్మ వైపు తిరిగింది. "పాపం, నా మాట విని పోయినవు. నేనైతే పోను. గింతదానికి నన్నెందుకు పొడిపించుకోవాలె."

ఆమె పైజామా కిందికి లాక్కుని, దిండు సర్దమంది. కుల్సుమ్ దిండు సర్దుతుంటే బేగం పళ్లు బిగించడం మాణిక్యమ్మ చూసింది.

చెప్పకుండా లేచి పోవచ్చు. చెబితే వైకుంఠం మాట బయటికొస్తుంది. పది రోజులు పడుకోవలసిన మనిషిని ఎవరు పిలిచారని అజ్మత్ అలీ అడుగుతాడు. తర్వాతి పనికి వైకుంఠం ఇంకొకరిని చివర కూర్చోబెడతాడు. సూదిని ముందు తన మీద వేసి చూశారని తెలిసిన మనిషికి చెప్పాలనిపించకపోయినా తప్పు లేదు. మాణిక్యమ్మ లేచి గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగి గోడ పట్టుకుంది.

"సూదిది తప్పు లేదమ్మా" అంది. "పది దినాలు కాలు మడవొద్దని చెప్పింది డాక్టరమ్మ. నేను రెండు దినాలున్న."

కుల్సుమ్ దిండు చేతిలో పట్టుకుని నిలబడింది. "నాకెవ్వరు చెప్పలే" అంది.

"నువ్వు టాంగా కోసం పోయినవు."

"మరి ఎందుకొచ్చినవు?" అంది ఖైసర్ బేగం. "ఎవరు రమ్మన్నరు?"

మాణిక్యమ్మ పైకప్పు వైపు చూసింది. నెత్తి మీద చెక్కలు పడుతున్నాయి, ఒకటి ముందు, పదకొండు వెనక కాదు. ఆగమ్మ ముందు, పది వెనక. దెబ్బ దెబ్బకీ పైకప్పు నుంచి సన్నగా సున్నం పొడి రాలి తఖ్తు మీద పడుతోంది. ఖైసర్ బేగం పైకి చూసింది. ఇంకేమీ అడగలేదు.

బిగిసిన గచ్చు చుట్టూ మట్టి గట్టు కట్టి, తూము మూసి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలబెట్టారు. మేస్త్రీని ఎవరూ ఏమీ అనలేదు. బుధవారం ఖైసర్ బేగం దవాఖానాకు పోయి నీళ్లు తీయించుకుని వచ్చిందని, కాలు కింద పెట్టకుండా తఖ్తు మీదే అన్నీ జరుగుతున్నాయని ఆగమ్మ ఎక్కడో విని వచ్చి చెప్పింది. మాణిక్యమ్మ వాళ్లు ఆ రోజుల్లో సైదాబాదులో ఒక వరండా కొట్టారు. ఆమె కాలు చాపి కొట్టింది. వరండా చిన్నది కాబట్టి గడిచింది.

నీళ్లు నిలబెట్టిన పదమూడో రోజు, శనివారం, నీళ్లు వదలొచ్చునో లేదో చూడమని వైకుంఠం ఆమెను యాకుత్‌పుర పంపాడు. పది రోజులూ నిండాయని బేగం మిద్దె ఎక్కుతానంటోంది, పరదా కాబట్టి తాను పైకి రాకూడదు. తూము కింద గల్లీలో నిలబడతానన్నాడు.

మాణిక్యమ్మ మెట్లు వీపుతో ఎక్కింది. గట్టు పక్కన కూర్చుని, నీళ్లలోకి చేయి దించి, చెక్క మొనతో కొడుతూ, జరుగుతూ, మూలమూలకూ పోయింది. తూర్పు మూలలో ఆగింది. అక్కడ మూడుసార్లు కొట్టింది. ఆమె ఇంట్లో పడుకున్న రెండు రోజులూ ఆ మూలలో ఉన్నాయి.

అంతలో మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఖైసర్ బేగం గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కి వస్తోంది. నిలబడి వస్తోంది. వెనక కుల్సుమ్ ఉంది. చివరి మెట్టు మీద ఆగి నీళ్లకేసి చూసింది.

"వదులుతున్నవా?"

"ఇయ్యాల వద్దమ్మా. ఒక మూల ఇంక పట్టలే. ఒక్క దినం ఆగాలె."

మూడేళ్ల తర్వాత పైకి వచ్చిన మనిషి ఆమె. ఇల్లు ఆమెది. ఒక్క అడుగు వేస్తే గచ్చు మీద ఉంటుంది. కిందనుంచి వైకుంఠం ఏమైందని కేకేశాడు. ఖైసర్ బేగం మెట్టు మీదే నిలబడి మక్కా మసీదు వైపు కాసేపు చూసి, ఎలా ఎక్కిందో అలాగే దిగిపోయింది.

ఆదివారం మాణిక్యమ్మ మళ్లీ ఎక్కింది. తూర్పు మూలలో కొట్టింది. చెక్క ఎగిరిపడింది. ఇంకోసారి కొట్టి విని, పిట్టగోడ మీదుగా గల్లీలోకి వంగి, పట్టిందని చెప్పింది. తూములోని మట్టి తన వేళ్లతో తవ్వి తీసింది. నీళ్లు గల్లీలోకి పోయాయి. ఖైసర్ బేగం చెప్పులు మెట్టు మీద విడిచి తడి గచ్చు మీదికి వచ్చింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. మాణిక్యమ్మ దగ్గర ఆగి, ఆమె చాపుకున్న కాలిని చూసింది.

"మళ్ల తీపిస్త" అంది. "ఈసారి నీ కోసమే."

"రేప్పొద్దున దబీర్‌పురల సున్నం పరుస్తరమ్మా. అదయినంక ఇంకోటున్నది. వానలు పడ్డంక చూద్దం."

"వానలకు మూడు నెలలున్నది."

"అవునమ్మా."

ఖైసర్ బేగం గోడ దగ్గరికి పోయి మినార్ల వైపు తిరిగి నిలబడింది. మాణిక్యమ్మ చెక్క చంకన పెట్టుకుని, పై మెట్టు మీద కూర్చుని, కాలు చాపి, కింది మెట్టుకు జారింది. పైన అడుగులు మళ్లీ మొదలయ్యాయి. తూర్పు మూల వైపు పోతున్నాయని గుర్తుపట్టి, పదకొండో మెట్టు మీద ఆగింది. విన్నది. ఎక్కడా బోలు లేదు. రెండు చేతులూ ఆనించి, తర్వాతి మెట్టుకు దిగింది.